నీలంలో ముంచని జల్లెడ

మా ల్యాబులో నన్ను జల్లెడ తాత అంటారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా సముద్రం అడుగు నుంచి తెచ్చిన బురద కడుగుతున్నాను. పని తెలియనివారికి మిగతాది అర్థం కాదు కనుక ముందు పని చెబుతాను.

ఓడవాళ్ళు సముద్రం అడుక్కి పొడవాటి గొట్టం దించి, బురదను గొట్టం ఆకారంలోనే చెదరకుండా పైకి తీస్తారు. దాన్ని నిలువునా రెండు చీలికలు చేస్తారు. ఒకటి పనికి, రెండోది దాపుకి. దాపు చీలికను చల్లగదిలో పెట్టి తాళం వేస్తారు. పెద్దసారు సంతకం లేనిదే దాన్ని ఎవరూ ముట్టకూడదు. పని చీలికను వేలెడు మందాన ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ ఒక్కో సంచిలో పెట్టి, ఎంత లోతుదో సంచి మీద రాసి నాకు ఇస్తారు. నేను నానబెడతాను. నానిన బురదను సన్న జల్లెడలో పోసి పైనుంచి నీళ్ళు ధారగా వదులుతాను. బురదంతా దిగిపోయి చిటికెడు తెల్లటి పొడి మిగులుతుంది. మామూలు కంటికి అది పొడి. మైక్రోస్కోపు కింద పెడితే గవ్వలు.

ఆ గవ్వల్లో ఒకప్పుడు ప్రాణులుండేవి. సముద్రం పైపైన తేలుతూ బతికి, చచ్చాక అడుక్కి రాలి, పొర మీద పొరగా వేల ఏళ్ళు పేరుకున్నాయి. వెచ్చటి నీళ్ళుంటే తప్ప బతకనివి కొన్ని, చల్లటి నీళ్ళుంటే తప్ప బతకనివి కొన్ని. ఏ పొరలో ఏవి ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఆనాటి సముద్రం ఎలా ఉండేదో తెలుస్తుంది. వాటిలో ఒక రకం నత్తలా చుట్టుకుని ఉంటుంది. చలి సముద్రంలోది ఎడమకు చుట్టుకుంటుంది. అచ్చం దానిలాగే ఉండే వెచ్చ సముద్రంలోది కుడికి చుట్టుకుంటుంది. నాకు పని నేర్పిన ముసలి గవ్వల డాక్టరు, "ఇవి అన్నదమ్ముల పిల్లలయ్యా, ఒకరి మొహం ఒకరు చూసుకోరు" అనేవాడు.

ఇక నీలం సంగతి. ఒక ముక్క కడిగాక జల్లెడను ఎంత దులిపినా, ఎంత కడిగినా కంతల్లో కొన్ని గవ్వలు ఇరుక్కునే ఉంటాయి. అవి తర్వాతి ముక్కలో రాలితే లెక్క తప్పుతుంది. అందుకని ప్రతి ముక్క తర్వాతా జల్లెడను నీలం రంగు నీళ్ళ తొట్టిలో ముంచాలి. ఇరుక్కున్న గవ్వలకు నీలం పడుతుంది. తర్వాతి ముక్కలో నీలం గవ్వ కనిపిస్తే అది ఆ ముక్కది కాదని తెలిసిపోతుంది, తీసి పారేస్తారు. ముంచినట్టు కడుగుడు పుస్తకంలో ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టాలి. నేను చదివింది మూడో క్లాసు వరకే గానీ ఆ పుస్తకానికి అంతకన్నా చదువు అక్కర్లేదు. తేదీ, గొట్టం నంబరు, లోతు, టిక్కు.

ఆ నీలం చేతులకు అంటితే వదలదు. చేతి తొడుగులు ఇచ్చారు. తొడుగులతో జల్లెడ అడుగు తెలియదు, ఎక్కడ బురద మిగిలిందో వేలికి అందదు. అందుకని నా చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ నీలమే.

పోయిన చలికాలంలో ఒకరోజు మధ్యాహ్నం పరిశోధన చేసే అమ్మాయి నా కడుగుడు గదికి వచ్చింది. నాలుగేళ్ళుగా మా దగ్గర చదువుతోంది. మైక్రోస్కోపు మీద వంగి వంగి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. రోజుకు పది గంటలు గవ్వలేరి, ఇంటికి వెళ్ళి గిన్నెలో ఉప్పును చూసినా కుడిచుట్టా ఎడమచుట్టా అని వెతుకుతోందని వాళ్ళమ్మ తిట్టిందట. ఆ రోజు టీ కప్పులు రెండు పట్టుకుని, చంకలో ఒక కాగితం పెట్టుకుని వచ్చింది.

"తాతా, ముందు మీకే చూపిస్తున్నా. సారుక్కూడా ఇంకా చూపించలేదు."

నేను చేతులు తుడుచుకున్నాను. కాగితం మీద ఒక గీత. ఎడమ నుంచి నేలబారుగా వచ్చి, ఒక్కచోట నిట్టనిలువుగా లేచి, ఆ తర్వాత మెట్లు దిగినట్టు దిగి మళ్ళీ నేలబారైంది. ఆమె చెప్పింది. ఎనిమిది వేల ఏళ్ళ కిందట ఈ సముద్రం వెచ్చగా ఉండేదట. ఉన్నట్టుండి చల్లబడి, ఆ తర్వాత మెల్లగా తేరుకుందట. ఏడో గొట్టంలో రెండు వందల పదహారు, పద్నాలుగు, పన్నెండు సెంటీమీటర్ల దగ్గరి మూడు ముక్కల్లో ఎడమ చుట్టు గవ్వలు దొరికాయట. ఈ సముద్రంలో ఆ కాలానికి ఇలాంటిది ఇంతవరకు ఎవరికీ దొరకలేదట. వచ్చే ఏడు పెద్ద ఓడ ఒకటి ఏడు వారాలు సముద్రం మీదికి వెళుతోంది. ఆ ఓడలో ఒక చోటు, ఈ గవ్వలు దొరికాయని విని, ఆమెకిస్తామన్నారు. ఇరవై రోజుల్లో డిగ్రీ పుస్తకం రాసి ఇచ్చేస్తే అంతా ఖాయం.

"నాలుగేళ్ళుగా సముద్రం సంచుల్లో వస్తోంది తాతా నా దగ్గరికి. ఒక్కసారి నేనే వెళ్ళి చూస్తాను" అంది.

ఎన్నెన్ని దొరికాయని అడిగాను.

"పదహారులో పదకొండు. పద్నాలుగులో ఏడు. పన్నెండులో నాలుగు."

టీ చల్లారిపోతోందని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. నేను తాగలేదు.

పదకొండు, ఏడు, నాలుగు. ఆ దిగుడు నాకు తెలుసు. కొత్తలో ముసలి డాక్టరు నాతో ఒక పరీక్ష చేయించాడు. నీలం పట్టించిన గవ్వలు గుప్పెడు జల్లెడలో పోయించి, పైపైన కడిగించి, ఆ తర్వాత వట్టి ఇసుక నాలుగుసార్లు కడగమన్నాడు. మొదటి ఇసుకలో నీలం గవ్వలు చాలా రాలాయి. రెండోసారి తక్కువ. మూడోసారి ఇంకా తక్కువ. నాలుగోసారి లేవు. "చూశావా, జల్లెడ దొంగసొత్తును ఒక్కసారే కక్కదు" అన్నాడు. మేం గొట్టాన్ని ఎప్పుడూ కింది నుంచి పైకి కడుగుతాం. పాతది ముందు, కొత్తది తర్వాత. అంటే ముందు పదహారు, తర్వాత పద్నాలుగు, ఆ తర్వాత పన్నెండు.

కడుగుడు పుస్తకాలు పాతవి అటక మీద ఉంటాయి. దించాను. రెండేళ్ళ కిందటి పేజీ. ఆ మూడు ముక్కలూ ఒకే రోజు మధ్యాహ్నం కడిగాను. అదే రోజు పొద్దున చలి గొట్టం కడిగాను. అది ఇంకో శాస్త్రవేత్తది, మంచు సముద్రం నుంచి తెచ్చింది. అందులో ఎడమ చుట్టు గవ్వలు తప్ప ఇంకేమీ ఉండవు. నీలం గడిలో అన్నిటికీ టిక్కులున్నాయి. నా చేతి టిక్కులే.

తేదీ చూశాక ఇక అటక దగ్గరే నిచ్చెన మెట్టు మీద కూర్చుండిపోయాను.

ఆ రోజుల్లో మా ఆవిడ ఆసుపత్రిలో ఉంది. ఊపిరితిత్తుల జబ్బు. చూడనిచ్చేది మధ్యాహ్నం ఒక గంటే. ల్యాబులో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని అనిపించలేదు. పొద్దున కొంత కడిగి, బస్సులో వెళ్ళి చూసి, వచ్చి మిగతాది కడిగేవాణ్ణి.

మొదటి రోజు వెళ్ళి మంచం పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడకు చెమటలు పోస్తున్నాయి. నా చేతి నీలం ఆవిడ వేళ్ళకు అంటింది. నేను చూసుకోలేదు. గంట అయ్యాక వచ్చేశాను. ఆ తర్వాత నర్సు వచ్చి వేళ్ళు చూసింది. ఆ వార్డులో వేళ్ళ కొసలు నీలంగా మారాయంటే ఊపిరి అందడం లేదని అర్థమట. నర్సు పరుగెత్తింది. డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. ముక్కుకు గాలి గొట్టం పెట్టారు, గుండె చూశారు, ఇంకేదో చూశారు. చివరికి ఎవరో తడి గుడ్డతో తుడిస్తే రంగు కాస్త వదిలింది.

మర్నాడు వెళ్ళేసరికి మా ఆవిడ నవ్వుతూ ఉంది. నవ్వితే దగ్గు వస్తోంది, దగ్గు ఆగితే మళ్ళీ నవ్వుతోంది.

"నిన్న నన్ను చంపేశారుగా మీరు. వార్డు వార్డంతా నా చుట్టూ చేరింది. మీ ఆయన బట్టలకు రంగులేస్తాడా అని అడుగుతున్నారు."

"ఏం చెప్పావు?"

"సముద్రం కడుగుతాడని చెప్పాను. పాపం, మతి కూడా చెడిందనుకుని ఇంకో మాత్ర ఇచ్చారు."

డాక్టరు మాత్రం నవ్వలేదు. బయటికి పిలిచి నిదానంగానే చెప్పాడు. ఆవిడ వేళ్ళు చూస్తూ ఉండాలి, నిజంగా నీలమైతే మాకు తెలియాలి, ఆ చేతులతో ఆవిడను ముట్టుకోకండి అన్నాడు. సరే అన్నాను.

ఆ మర్నాటి నుంచి జల్లెడను నీలంలో ముంచలేదు. చేతుల రంగు రాయితో రుద్దుకుని వదిలించుకున్నాను. తొడుగులు వేసుకుని ముంచి చూశాను. మణికట్టు దగ్గర నీళ్ళు లోపలికి దిగాయి. తీసి పడేశాను. నీలానికి బదులు జల్లెడను రెండింతల సేపు కడిగితే సరిపోతుందిలే అనుకున్నాను. టిక్కు పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అడుగుతారు. అడిగితే చెప్పాలి. అందుకని టిక్కులు పెట్టేశాను.

అలా కొన్ని రోజులు గడిచాయి. చలి గొట్టం కడిగిన రోజున బస్సు పోతుందని రెండింతల సేపు కాదు, మామూలు సేపు కూడా కడగలేదు. ఆ రోజు ఆవిడకు కాస్త తేలికగా ఉంది. నా చేతులు తన ఒళ్ళో పెట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

"అబ్బ, ఈ చేతులా? పెళ్ళయిన కొత్తలో చూశాను వీటిని. మళ్ళీ ఇప్పుడు" అంది. గంట అయ్యేదాకా వదల్లేదు.

మర్నాటి నుంచి మాట లేదు. ఆ పై మూడో రోజున పోయింది.

నాలుగు రోజుల తర్వాత పనికి వచ్చాను. జల్లెడ నీలంలో ముంచాను. మళ్ళీ చేతులు నీలమయ్యాయి. ఆ ముంచని రోజుల సంగతి నిజంగా మరిచిపోయాను. గుర్తుంటే మాత్రం చెప్పేవాణ్ణా అంటే, ఏమో.

అమ్మాయి గీత చూపించాక రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం మా ల్యాబులో ఎవరికీ వింత కాదు. మూడో రోజు చల్లగది తాళాలు చూసుకునే అతనికి చెప్పాను. అతనూ నేనూ ఒకే ఏడు పనిలో చేరాం. చుట్టరికం లేదు గానీ ఒకరినొకరు బావా అనుకుంటాం. మా ఆవిడ పోయిన నాలుగు రోజులూ నా బదులు బురద కడిగింది కూడా అతనే. అంతా విని, తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు.

"నోరు కుట్టుకుని కూర్చో బావా. ఆ పిల్ల ఓడెక్కుతుంది. నువ్వు వచ్చే ఏడు ఇంట్లో కూర్చుంటావు. ఎవరికేం పోయింది?"

"సముద్రం చల్లబడలేదు బావా."

"చల్లబడితే నీకేం, పడకపోతే నీకేం? ఎనిమిది వేల ఏళ్ళ కిందట నువ్వేమైనా స్నానానికి దిగావా అందులో?"

నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత అతను నవ్వడం ఆపి, ఇన్నేళ్ళుగా ఈ ల్యాబులో ఎవరి లెక్క తప్పినా నీ జల్లెడ తప్పదని అనుకుంటారు, ఆ మాట ఎందుకు పోగొట్టుకుంటావని అడిగాడు. నాకు భయంగా ఉన్నది కూడా దానికే. ఆ అమ్మాయి గీతను ముందు నాకే చూపించింది, అది నా జల్లెడలోంచి వచ్చిందని. అదొక్కటీ మింగుడు పడలేదు.

ఆ సాయంత్రం ఆమె గదికి వెళ్ళాను. నల్ల పళ్ళెంలో గవ్వలు పరుచుకుని, తడి కుంచె కొసతో ఒక్కోటీ ఏరుతోంది. తల ఎత్తకుండానే కూర్చోమంది. కూర్చోలేదు.

"అమ్మాయ్, ఆ మూడు ముక్కలు కడిగిన రోజు నేను జల్లెడ ముంచలేదు."

కుంచె ఆగింది.

"ఏ మూడు?"

"నీ మూడే. వాటికి ముందు కడిగింది చలి గొట్టం."

ఆమె లేచి, నేను చంకలో పెట్టుకున్న పుస్తకం తీసుకుని, పేజీ చూసింది.

"టిక్కు ఉంది కదా తాతా."

"పెట్టాను."

"ముంచకుండానే?"

"ముంచకుండానే."

ఆమె చాలాసేపు ఆ పేజీ చూస్తూ ఉండిపోయింది. కుంచె కొస దీపం వేడికి ఆరిపోయి గవ్వ అంటనంత పొడిగా అయిపోయింది. ఆ తర్వాత మీరు వెళ్ళండి తాతా అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది.

మర్నాడు పెద్దసారు గదికి అమ్మాయి, బావ, నేను ముగ్గురం వెళ్ళాం. సారు మంచివాడే. నన్నేమీ అనలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు. రోజులు తక్కువున్నాయి కదా, ఆ మూడు ముక్కలూ చెడిపోయాయని ఒక్క వాక్యం రాసి వదిలెయ్యొచ్చు అన్నాడు. గీత మధ్యలో చిన్న ఖాళీ ఉంటుంది, ఎవరూ అంతగా పట్టించుకోరు, ఓడవాళ్ళతో నేను మాట్లాడతాను అని కూడా అన్నాడు.

"చెడిపోలేదు సార్. ఇంకో సగం ఉంది" అంది అమ్మాయి.

దాపు చీలిక మాటే సారు ఎత్తలేదు. ఎవరూ తేలిగ్గా ఎత్తరు. దాన్ని గోకితే మళ్ళీ రాదు. చివరికి, మూడు లోతుల దగ్గర మూడు అర చెంచాలు, అంతకు మించి ఒక్క గింజ కూడా వద్దని కాగితం రాసి సంతకం చేశాడు.

బావ తాళం తీశాడు. చల్లగదిలో మా ఊపిరి పొగలా వస్తోంది. ఏడో గొట్టం దాపు చీలికను బల్ల మీదికి దించి, పైన కప్పిన పల్చటి కాగితం తీశాం. రెండేళ్ళుగా ఎవరూ ముట్టని బురద. బూడిద రంగులో, నున్నగా ఉంది. అమ్మాయి కొలబద్ద పెట్టి చూపించింది, నేను చెంచాతో తీశాను. బావ నా మోచెయ్యి కింద తన చెయ్యి ఆనించాడు. అప్పుడు మాత్రం హాస్యమాడలేదు.

ఈసారి కొత్త జల్లెడ తీశాను. కొత్తదైనా ముందే నీలంలో ముంచాను. పదహారు కడిగి ముంచాను. పద్నాలుగు కడిగి ముంచాను. పన్నెండు కడిగి ముంచాను. అమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. నమ్మకం లేక చూస్తోందో, ఊరికే నిలబడిందో తెలియదు. నమ్మకం లేకపోయినా తప్పు లేదు. ప్రతిసారీ టిక్కు పెట్టేముందు పుస్తకం ఆమె వైపు తిప్పాను. మూడోసారి, "అలా తిప్పకండి తాతా" అంది.

పొడి ఆరడానికి ఒక రాత్రి పట్టింది. ఏరడానికి మూడు రోజులు. అర చెంచా బురదలో గవ్వలు తక్కువే దొరుకుతాయి, ఒక్కోటీ చూడాలి, ప్రతి గవ్వనూ నోరు పైకి వచ్చేలా తిప్పి అప్పుడు చుట్టు ఎటుందో చూడాలి. మొదటి రోజు ఆమె ఒక్కతే ఏరింది. రెండో రోజు ఆమె కళ్ళు నీరు కారుతుంటే పిలిచింది, రెండో మైక్రోస్కోపు ముందు నేను కూర్చున్నాను. ఆమె ఏరింది నేను చూశాను, నేను ఏరింది ఆమె చూసింది. కుడి, కుడి, కుడి. ఒకచోట ఆమె ఊపిరి బిగబట్టడం వినిపించింది. పద్నాలుగులో ఒక ఎడమ చుట్టు గవ్వ దొరికింది. నీలం లేదు. ఆ ముక్కదే. ఇంకొకటి దొరుకుతుందేమోనని ఇద్దరం ఆ పళ్ళెం మూడుసార్లు చూశాం. నేనూ ఆశపడ్డాను. కళ్ళు మంటలెత్తేదాకా ఆశపడ్డాను.

దొరకలేదు. పదహారులో సున్నా. పద్నాలుగులో ఒకటి. పన్నెండులో సున్నా. వెచ్చటి సముద్రంలో కూడా నూటికి ఒకటి అలా ఎడమకు చుట్టుకోవడం ఉంటుందని, దానికి అర్థమేమీ లేదని ఆమే చెప్పింది. చెప్పి, మైక్రోస్కోపు దీపం ఆర్పింది.

కొత్త గీత గీసుకుని మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. ఈసారి టీ లేదు. గీత ఎడమ నుంచి కుడిదాకా నేలబారుగా ఉంది.

"ఏమీ జరగలేదు తాతా. ఆ వెయ్యేళ్ళలో ఏమీ జరగలేదు. అదే రాయాలి."

ఓడవాళ్ళకు తనే ఉత్తరం రాసింది. సారును రాయనివ్వలేదు. వారంలో జవాబు వచ్చింది. నిజం చెప్పినందుకు సంతోషమన్నారు, చోటు మాత్రం ఇంకొకరికి ఇచ్చేశామన్నారు. ఆ జవాబు వచ్చిన రోజు ఆమె పనికి వచ్చింది. ఆ మర్నాడు రాలేదు. ఆ పై రోజు వచ్చింది.

పుస్తకం ఇవ్వడానికి నాలుగు రోజులున్నాయనగా కడుగుడు గదికి వచ్చి బల్ల మీద కూర్చుంది. నేను సంచులు విప్పి నానబెడుతున్నాను. మొదటి లెక్క ఎందుకు తప్పయిందో పుస్తకంలో ఒక పేరా రాయాలట. ఏం రాయమంటారని అడిగింది.

"కడిగేవాడు జల్లెడ ముంచలేదని రాయి."

"అది రాశాను. ఎందుకు ముంచలేదని పరీక్షలో అడుగుతారు. ఏం చెప్పను?"

నేను సంచి విప్పుతూనే ఉన్నాను. చేతులు మామూలుగా ఉండాల్సి వచ్చింది అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. ఎలా అర్థమవుతుంది?

ఆమె ఆ పాత పుస్తకం తెరిచింది. ఆ పేజీ నుంచి ముందుకు తిప్పింది. గవ్వలు చూసినట్టే అక్షరాలు చూస్తుంది ఆ పిల్ల, తొందరపడదు. వేలితో ఒక్కో వరుసా దిగుతూ ఒకచోట ఆగింది.

"ఇక్కడి నుంచి నాలుగు రోజులు ఇది మీ రాత కాదు."

"బావ రాశాడు."

"మీరెక్కడున్నారు?"

"ఇంట్లో. మా ఆవిడ పోయింది."

ఆమె వేలు ఆ వరుస మీదే ఉంది. అక్కడి నుంచి వెనక్కి, తన మూడు ముక్కల దాకా, మెల్లగా లెక్కపెట్టుకుంటూ జరిగింది. ఇక చెప్పక తప్పలేదు. ఆసుపత్రి, వేళ్ళ నీలం, డాక్టరు మాట, నాలుగైదు ముక్కల్లో చెప్పేశాను. పెళ్ళయిన కొత్తలో చూశానన్న మాట కూడా, ఎందుకో, చెప్పేశాను. నా కూతురికి కూడా చెప్పలేదది.

ఆమె పుస్తకం మూసింది. నా వైపు చూడలేదు, అందుకు సంతోషించాను. కాసేపటికి, "నాతో అప్పుడే అని ఉంటే నేను ముంచేదాన్ని కదా తాతా జల్లెడ" అంది.

నిజమే. నాకు ఆ ఆలోచనే రాలేదు. ముప్పై ఏళ్ళలో ఒక్కరినీ ఇది కాస్త పట్టుకో అని అడిగినవాణ్ణి కాదు. పదకొండు, ఏడు, నాలుగు వచ్చింది నీలం వల్ల కాదు, దీనివల్ల. ఇది ఆమె పుస్తకంలో రాయడానికి పనికిరాదు గనుక నా దగ్గరే ఉంచుకున్నాను.

పరీక్షలో వాళ్ళు ఎందుకు ముంచలేదని అడిగారట. కడిగే ఆయన ఇంట్లో మనిషి చావుబతుకుల్లో ఉంది, ఆయన ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు అని చెప్పిందట. ఇంకేమీ అడగలేదట. డిగ్రీ ఇచ్చారు. ఏమీ జరగలేదని రాసిన పుస్తకం ఎవరికీ అంతగా అక్కర్లేదు, అటక మీద ఉంటుంది. ఆమె ఇంకో ఏడాది మా దగ్గరే ఉండి ఇంకో గొట్టం చూస్తానంది. సారు సరేనన్నాడు.

ఒక పని మిగిలింది. ఆ ఇరవై రెండు ఎడమ చుట్టు గవ్వలు. అట్ట పలకలో చిన్న చిన్న గళ్ళలో అంటించి ఉన్నాయి. చలి గొట్టం సీసాలు ఆ శాస్త్రవేత్త ఎప్పుడో తీసుకెళ్ళిపోయాడు. ఏడో గొట్టం బీరువాలో పెట్టడానికి వీల్లేదు, అవి దానివి కావు. నంబరు, లోతు లేని పలకను మా ల్యాబులో ఉంచరు, చెత్తలో వేస్తారు. నేనే వేస్తానని పలక తీసుకున్నాను. అమ్మాయి నా చేతిలోంచి తీసేసుకుంది.

పలక మీద చీటీ అంటించింది. చీటీ మీద మూడు గళ్ళుంటాయి. గొట్టం అన్న గడిలో జల్లెడ అని రాసింది. లోతు అన్న గడి దగ్గర ఆగి, పాత పుస్తకం తెరిచి చూసుకుని, ఆ రోజు తేదీ వేసింది. ఎవరు కడిగారన్న గడిలో నన్ను రాయమని పెన్ను ఇచ్చింది. నా చేతులు తడిగా ఉన్నాయి. రాశాను. చీటీ మీద నీలం మరక పడింది. ఆమె తుడవలేదు, నేనూ తుడవలేదు.

పలకను బీరువా అడుగు అరలో పెట్టింది. నానబెట్టిన సంచులు పదకొండున్నాయి. మొదటిది తీసి జల్లెడలో పోశాను. ఆమె చేతి తొడుగులు లేకుండానే నీలం తొట్టి పక్కన వచ్చి నిలబడింది, ముంచడానికి.